కుడివైపు స్పీకరు

మేస్త్రి చేతులకంటిన సిమెంటు కడుక్కుంటూ, "ఆ కన్నం పూడ్చెయ్యమంటారా సార్, లేకపోతే పైపు ముక్క పెట్టి వైరుకి దారి ఉంచమంటారా? భోంచేసొస్తాను, ఆలోపు ఏదో ఒకటి అనుకోండి" అనేసి వెళ్ళాడు. అనుకోవడానికి ఇందులో ఏముంది, మూసెయ్యి అంటే అయిపోయేది, ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా, కానీ అతను చెప్పులు వేసుకునేశాడు, నేను కుర్చీ లాక్కుని గోడకెదురుగా కూర్చున్నాను. కొత్త గోడ. పచ్చి సిమెంటు వాసన. పైనంతా పూత అయిపోయింది, కింద మోకాలెత్తున మాత్రం ఒక ఇటుక పట్టేంత కన్నం మిగిలింది. అందులోంచి వైరు వస్తోంది, ఎరుపూ నలుపూ రెండు పోగులు అంటుకుని ఉన్న సన్నటి వైరు, నేల మీద పాకి నా పక్కనున్న స్పీకరు వెనక్కి పోతోంది. మొన్నటిదాకా ఇదంతా ఒకే హాలు, మా నాన్న కట్టించినప్పుడు పొడుగు చూసి అందరూ రైలు పెట్టె అని నవ్వారట. ఈ చివర ఒక స్పీకరు, ఆ చివర ఇంకొకటి, దాని పక్కన బల్ల మీద అన్నయ్య మ్యూజిక్ ప్లేయరు. గోడ వచ్చేటప్పుడు ఏ వస్తువునూ కదపాల్సిన పని పడలేదు. అది వచ్చి మధ్యలో నిలబడిందంతే.

పంపకాల రోజు బావ చెప్పిన తీర్పు గుర్తొస్తే ఇప్పటికీ కోపమో నవ్వో తెలియనిదేదో వస్తుంది. మా అక్క మొగుడు ఆయన, పెద్దమనిషిగా కూర్చోబెట్టారు, మంచాలు అయ్యాయి, బీరువాలు అయ్యాయి, ఆయన కళ్ళు స్పీకర్ల మీద పడ్డాయి. "ఇవి రెండున్నాయి, మీరూ ఇద్దరున్నారు, చెరొకటి. ఇందులో గొడవేముంది?" అన్నాడు. ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. అక్క తలూపింది, వదిన తలూపింది, నా భార్య కూడా తలూపింది, అవి రెండూ ఒక జత అని, ఆ జత విడదీసి చెరొకటి ఇస్తే పాట ఎవరికీ దక్కదని ఆ గదిలో ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరూ నోరెత్తలేదు. అన్నయ్య నన్ను చూశాడు, నేను అన్నయ్యను చూశాను, నువ్వు చెప్పు అని ఆయనా, నువ్వే చెప్పు అని నేనూ. చెబితే మేమిద్దరం ఒక పక్కన నిలబడినట్టయ్యేది, ఆరోజు అది ఇద్దరికీ ఇష్టం లేకపోయింది. ప్లేయరు ఆయన వైపే ఉంది గనక ఆయనకే, దానికి బదులు ఫ్రిజ్ నాకు. ఫాను ఆ పక్కనే ఉండిపోయింది గానీ దాని స్విచ్చి నా పక్కనుంది, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా అన్నయ్యకు చెమట పట్టాలా వద్దా అనేది నా చేతిలో ఉండేది. ఒకరోజు కావాలనే ఆపాను. ఆయన అడగలేదు. కిటికీ తెరుచుకున్నట్టు చప్పుడైంది.

అదిగో, మొదలుపెట్టాడు. స్పీకరులో ముందు చిన్న టిక్కుమన్న చప్పుడు, అంటే అవతల ఆ నల్ల పెట్టె మధ్యలో పెద్ద గుండీ నొక్కాడన్నమాట, ఆ తర్వాత గుండీ తిప్పుతున్నకొద్దీ జాబితాలు కదులుతాయి, ఏది వినాలో ఎంత గట్టిగా వినాలో అన్నీ అక్కడే. ఇక్కడ నాకున్నది ఒక చెక్క పెట్టె, దాని ముందు నల్ల గుడ్డ, వెనక ఎర్ర క్లిప్పొకటి నల్ల క్లిప్పొకటి. ఒక్క గుండీ లేదు. పెట్టిందే పాట, ఆపిందే మౌనం. పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే వస్తుంది, అన్నం ముందు కూర్చుంటే ఆగిపోతుంది, సగం చరణంలో ఎవరో ఫోను చేశారని ఆపేస్తే మిగతా సగం నాకెప్పటికీ రాదు. తీసి అవతల పారెయ్యచ్చు కదా అంటుంది నా భార్య. క్లిప్పు నొక్కితే వైరు ఊడొస్తుంది, పిల్లలు కూడా చెయ్యగలరు. గోడ లేచిన దగ్గర్నుంచి రోజూ దాని పక్కనే కూర్చుంటున్నాను గానీ ఆ క్లిప్పు మాత్రం నొక్కలేదు, ఎందుకు నొక్కలేదో ఆవిడకు చెప్పలేను, చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

వయొలిన్లు వస్తున్నాయి, మృదంగం వస్తోంది, పల్లవి దాకా వచ్చాయి, ఇక గొంతు అందుకోవాలి, అందుకోదు. నాకు తెలుసు, అయినా ప్రతిసారీ ఊపిరి బిగబడుతుంది. పాత పాటల్లో గొంతునంతా ఎడమ పక్కన పెట్టి వాద్యాలను కుడి పక్కకు నెట్టేశారు, అప్పట్లో అదే గొప్పనుకున్నారు కాబోలు. గోడ కట్టిన మర్నాడు మొదటిసారి ఇలా వచ్చినప్పుడు స్పీకరు పాడైందనుకున్నాను, వెనక క్లిప్పులు ఊడదీసి మళ్ళీ పెట్టాను, పెట్టె తట్టాను, తలకిందులు చేశాను. ఆ సాయంత్రం అన్నయ్య కూతురు వచ్చింది, గోడలూ గీతలూ ఆ పిల్లకు పట్టవు, వెనక గుమ్మంలోంచి వచ్చి మా ఫ్రిజ్‌లో చల్లనీళ్ళు తాగి పోతుంది. "పాడవలేదు బాబాయ్, నాన్న మోనో తీసేశాడు" అంది. మోనో ఏమిటన్నాను. "ప్లేయరు సెట్టింగుల్లో ఉంటుంది, రెండు పక్కలదీ కలిపేసి రెండింట్లోనూ ఒకటే వచ్చేలా చేస్తుంది. మనింట్లో ఎప్పుడూ అందులోనే ఉండేది కదా. నీకు ఒక చెవే కదా, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే సగం పోతుందని నాన్నే పెట్టాడు. తెలీదా నీకు?" తెలీదు. పాటంటే అలాగే ఉంటుందనుకున్నాను. "ఇప్పుడు నాన్న స్పీకర్లు ఆపకుండానే హెడ్‌ఫోన్లలో వింటున్నాడు, రెండు పక్కలా వేరువేరుగా వస్తుంటే భలే ఉందిట, ఇన్నేళ్ళూ ఎలా విన్నానో అన్నాడు" అని నవ్వి, సీసా మళ్ళీ నింపకుండానే ఫ్రిజ్‌లో పెట్టి పోయింది.

ఒకే మాటలో రెండూ తెలిశాయి నాకు, ఇన్నేళ్ళూ ఆయన నా కోసం చేసినదీ, దాన్ని వెనక్కి తీసుకున్నదీ. పాటంటే చెవి కోసుకునే మనిషి. కొత్త వైర్ల కోసం ఊరంతా తిరిగేవాడు, ఎర్ర పిన్ను కుడి తెల్ల పిన్ను ఎడమ అని నాకు చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి ప్లేయరు వెనక వరసగా ఉన్న కన్నాల్లో తనే పెట్టుకునేవాడు, నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. అలాంటివాడు తన రెండు మంచి చెవులతోనూ నా ఒక్క చెవికి సరిపోయే పాటే విన్నాడు. ఎంత మంచివాడు అన్నయ్య అని నా కళ్ళలో నీళ్ళు తిరిగిన మాట నిజం, ఆ నీళ్ళు తుడుచుకునేలోపే ఒళ్ళు మండిన మాట కూడా నిజం. ఒక్కసారి కూడా చెప్పలేదే, నీ కోసం ఇలా పెట్టానురా అని? చెబితే ఎందుకు అనే ప్రశ్న వస్తుంది. నా చెవి ఎలా పోయిందనే మాట వస్తుంది. అందుకే చెప్పలేదు. ఆయన నాకు చేసిన ప్రతి మేలూ ఆ మాట రాకుండా అడ్డంగా పెట్టిన వస్తువే, ఇన్నాళ్ళకు నాకు అర్థమైంది ఇది.

రోడ్డు మీద నడిచేటప్పుడు ఆయన ఎప్పుడూ నా కుడి పక్కకే వచ్చేవాడు. పెళ్ళిళ్ళలో నన్ను ఎడమ చివర కుర్చీలో కూర్చోబెట్టేవాడు, అందరి మాటలూ కుడి చెవిన పడాలని. ఆయనది కారు నేర్పే పని, నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుంటాడు, ఆయన కాలి కింద రెండో బ్రేకు, రెండో క్లచ్చి ఉంటాయి, తామే నడిపేస్తున్నామని వాళ్ళు మురిసిపోతుంటారు, బండి మాత్రం ఆయన ఎక్కడ ఆపదలిస్తే అక్కడ ఆగుతుంది. నాకూ నేర్పుతానని కూర్చోబెట్టాడు. డ్రైవరు కుడి సీటు, నేర్పేవాడు ఎడమ సీటు. ఆయన చెప్పిందంతా నా చచ్చిన చెవిలోకి పోయింది. గేరు మార్చమన్నాడో హారను కొట్టమన్నాడో తెలీక ఆయన పెదాల వైపు తిరిగి చూడ్డం, రోడ్డు ఎటో పోవడం, చివరికి ఎవరిదో ప్రహరీ గోడకు తగిలించాను. దిగి అందరి ముందూ నవ్వాడు, "మా వాడు ఏం చెప్పినా పెడచెవిన పెడతాడండీ" అని. జనం నవ్వారు. పెడచెవి అనే పేరు అలాగే నిలబడిపోయింది, కళ్ళజోళ్ళ దుకాణంలో నాతో పనిచేసేవాళ్ళు కూడా అదే అంటారు, పెడచెవి గారూ ఆ అద్దాలు అయ్యాయా అని. నేనేమీ అనుకోను. అరగదీసే చక్రం తిరుగుతుంటే మంచి చెవులవాడికైనా ఏం వినపడుతుంది, అందుకే ఆ పని నాకు హాయి. అక్కడ అందరూ అరుచుకోవాల్సిందే.

పంచుకోవాల్సినంత గొడవ ఏమొచ్చిందని అక్క ఏడ్చింది. గొడవ ఏమీ లేదు. వదిన తరఫువాళ్ళు భోజనానికొచ్చారు, ఎవరో నన్ను ఏదో అడిగారు, నాకు వినపడలేదు, ఇంకోసారి అడిగారు, అన్నయ్య వడ్డిస్తూ, "వాడికి ఆ చెవి అవసరమైనప్పుడు బాగానే పనిచేస్తుందండీ, పని చెబితేనే పడుకుంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, అన్నం తిన్నాను, మర్నాడు పొద్దున్నే నా వాటా నాకిచ్చెయ్యమన్నాను. అన్నయ్య ముఖం చూడాల్సింది. ఎందుకురా అన్నాడు, నేను చెప్పలేదు, చెప్పకుండానే తెలియాలని నా పంతం. చివరికి అందరూ తేల్చిందేమిటంటే నా భార్య నా చెవిలో ఊదిందట. ఏ చెవిలో ఊదిందో ఒక్కరూ అడగలేదు. పాపం ఆవిడకు వేరుపడటం ఇష్టం లేదు, వదినతో కలిసి వంట చేసుకోవడం అలవాటైన మనిషి, ఇప్పుడు ఒక్కతే పొయ్యి ముందు నిలబడి అప్పుడప్పుడూ పక్కకు తిరిగి ఏదో అనబోయి ఆగిపోతుంటుంది. ఆవిడ మీద పడ్డ నిందను కూడా నేను దులపలేదు, ఎందుకంటే అది దులిపితే అసలు సంగతి చెప్పాలి, అసలు సంగతి చెప్పాల్సింది నేను కాదు.

అసలు సంగతి ఒక గుండీ. మా నాన్నకు ఒక ట్రాన్సిస్టరు రేడియో ఉండేది, దాన్ని పెద్దకొడుకు తప్ప ఎవరూ తాకకూడదు. అన్నయ్యకు అప్పటికే మీసాలు వస్తున్నాయి, నాకు పాలపళ్ళు ఊడుతున్నాయి. మధ్యాహ్నం, ఇలాంటి మధ్యాహ్నమే, అమ్మ బట్టలారేయడానికి మేడ మీదకెళ్ళింది. రేడియోలో గొంతు సన్నగా వస్తోంది, గుండీ తిప్పితే లావవుతుంది, ఇంకా తిప్పితే ఇంకా లావవుతుంది, నా చేత్తో నేను తిప్పితే గదంతా నిండిపోయింది, అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. అన్నయ్య పరీక్షకు చదువుకుంటున్నాడు. వెనక నుంచి కాదు, ఎదురుగానే వచ్చాడు, కుడి చెయ్యి ఎత్తాడు. గూబ గుయ్యిమంది. జనం ఎంత సులువుగా అంటారు ఈ మాట, బడిలో పంతులంటాడు, బస్సులో కండక్టరంటాడు, అన్నయ్య తన కూతురితో ముద్దుగా అంటాడు, వేషాలేశావంటే గూబ గుయ్యిమంటుంది అని, ఆ పిల్ల కిలకిలా నవ్వుతుంది. గుయ్యిమనడం అంటే ఏమిటో నేను విన్నాను. ఒక సన్నటి కూత, తెగకుండా, ఎవరో ఒక గుండీని ఒకచోట పెట్టి మరిచిపోయినట్టు, రాత్రంతా వచ్చింది, మర్నాడూ వచ్చింది. ఆ తర్వాత జ్వరం తగిలింది నాకు, ఊళ్ళో చాలామంది పిల్లలకు తగిలింది ఆ యేడు, జ్వరం తగ్గేసరికి కూత ఆగిపోయింది, కూతతో పాటు ఆ పక్కనున్నవన్నీ ఆగిపోయాయి. డాక్టరు జ్వరంలో పోయిందన్నాడు. అమ్మ నమ్మింది. అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన్నే చూశాను నేను, ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని. ఆయన లోపలికెళ్ళి ట్రాన్సిస్టరు తెచ్చి నా దిండు పక్కన పెట్టాడు. "నీ ఇష్టం వచ్చినంత తిప్పుకోరా" అన్నాడు. తిప్పుకున్నాను. అలా మొదలైంది.

ఆ ఒక్క మాటకోసం ఉన్నాను నేను. పొలాలూ తోటలూ ఏం లేవు మాకు, ఫ్రిజ్ కోసమా నేను వాటా అడిగింది? నేనే కొట్టానురా, నా వల్లే పోయిందిరా, ఈ రెండు ముక్కలు అంటే చాలు, తర్వాత ఏం చేస్తానో నాకే తెలీదు, బహుశా పరవాలేదులే అంటాను, ఆ మాట కూడా నోట్లో సిద్ధంగానే ఉంది, వాడక వాడక దానికి బూజు పట్టింది. ఈ గోడ లేస్తుంటే ఒక్కో వరసా చూస్తూ అనుకున్నాను, ఇంతెత్తు అయ్యేలోపు చెప్తాడు, కిటికీ ఎత్తు వచ్చేలోపు చెప్తాడు. ఇప్పుడు కన్నమొకటే మిగిలింది. నేను వైరు పీకకపోవడానికి కారణం ఇదేనేమో, ఎందులోంచైనా ఏదో వస్తుందని.

నా భార్య వంటింట్లోంచి తొంగిచూసింది. "ఏవండీ, మేస్త్రి వచ్చే వేళయింది. ఏం చెప్తారు?" అంది. చూస్తున్నా కదా అన్నాను. "గోడనా? గంట నుంచీ అదే చూస్తున్నారు" అంది. అని వెంటనే పోలేదు, చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఉంచండి, పోనీ. అక్కయ్య గొంతయినా వినపడుతుంది అందులోంచి" అంది. ఆవిడకు పాటలతో పని లేదు. మధ్యాహ్నాలు నేను దుకాణంలో ఉన్నప్పుడు ఆవిడ ఈ కన్నం దగ్గర కూర్చుని వదినతో మాట్లాడుతుందని నాకు అప్పుడే తెలిసింది. కోపం రావాల్సింది, రాలేదు, కాస్త అసూయ కలిగింది.

పాట ఆగింది. చరణం మధ్యలోనే. ఫోనేమో అనుకున్నాను, కానీ గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత ఎవరో బరువుగా మోకాళ్ళ మీద వంగుతున్నట్టు ఒక మూలుగు. కన్నంలో వెలుతురు కదిలింది. నేనూ నేల మీదకు దిగాను, ఈ వయసులో నేల మీద కూర్చోవాలంటే ముందు ఒక చెయ్యి, తర్వాత ఒక మోకాలు, తర్వాత దేవుడు. కన్నంలో కళ్ళజోడులో సగం కనిపించింది, ఒక అద్దం, దాని వెనక ఒక కన్ను. ఆ అద్దం నేను అరగదీసిందే. అంచు మీద చిన్న గీత పడింది, తుడుచుకోవడం రాదు ఆయనకు, చొక్కా కొసతో రుద్దేస్తాడు.

"ఒరేయ్."

నా కుడి చెవి కన్నానికి ఆనించాను. గుండె కొట్టుకోవడం ఆ చెవిలోనే వినిపిస్తోంది.

"మేస్త్రితో పైపు పెట్టించు. మూసేస్తే నీకు పాట ఉండదు."

"ఇప్పుడు మాత్రం ఏముంది? గొంతు రావడం లేదు."

"మోనో తీశాను. మళ్ళీ పెడతాలే. ఇన్నాళ్ళూ ఎప్పుడూ వినలేదు కదా, ఒకసారి ఎలా ఉంటుందో విందామని... పెడతాను."

"ఎందుకు పెట్టడం? హాయిగా విను."

"నీకు సగమే వస్తుంది కదరా. నీ చెవి అదీ..."

"నా చెవికేమైంది?"

ఇంత సూటిగా ఎన్నడూ అడగలేదు నేను. యాభై దాటిన మనిషిని, నేల మీద కూర్చుని, గోడ కన్నానికి చెవి ఆనించి, పిల్లవాడిలా అడిగాను. ఎవరూ లేరు అక్కడ. అమ్మ లేదు, నాన్న లేడు, డాక్టరు ఎప్పుడో పోయాడు, బావ లేడు, నవ్వే చుట్టాలు లేరు. ఇద్దరమే. ఇంతకంటే మంచి చోటు ఆయనకు దొరకదు, ముఖం కూడా చూపించక్కర్లేదు, చెప్పు అన్నయ్యా, ఇప్పుడు చెప్పు.

"అదేంటిరా కొత్తగా. జ్వరమొచ్చింది కదా నీకు, చిన్నప్పుడు. ఎంత జ్వరమనుకున్నావు, కాలిపోయేవాడివి. నేను రాత్రిళ్ళు నీ పక్కనే కూర్చునేవాణ్ణి, తడిగుడ్డ వేస్తూ. అమ్మ పడుకోమన్నా పడుకునేవాణ్ణి కాదు. నీకెక్కడ గుర్తుంటుందిలే."

చెవి కన్నానికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. అబద్ధం చెప్పేటప్పుడు అన్నయ్య గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు, ముక్కుతో గాలి పీల్చి మొదలుపెడతాడు, చివర్లో మాట తొందరపడుతుంది, నాన్నకు చెప్పినప్పుడూ అంతే, వదినకు చెప్పినప్పుడూ అంతే. ఒక్క చెవితో బతికినవాణ్ణి, ఆ చెవిని ఎవరి మీదా ఇంతగా పెట్టలేదు. ఇది ఆ గొంతు కాదు. ఇది గుర్తుచేసుకుంటున్నవాడి గొంతు. చెవి తీసి కన్నంలోకి చూశాను, కళ్ళజోడు వెనక ఆ కన్ను తడిగా ఉంది, నా జ్వరం తలుచుకుని. ఆయన దాచడం లేదు. ఆయన దగ్గర అసలు లేదు. ఎప్పుడు పోగొట్టుకున్నాడో, ఏ యేడు, ఏ రాత్రి తడిగుడ్డ వేస్తూ వేస్తూ ఆ చెయ్యి చేసిన పని మరిచిపోయాడో. రోడ్డు మీద నా కుడి పక్కకు రావడం, మోనో పెట్టడం, ఇవన్నీ మాట రాకుండా పెట్టిన అడ్డాలు కావు, ఒట్టి ప్రేమ, జబ్బుపడ్డ తమ్ముడి మీద అన్నకుండే మామూలు ప్రేమ. ఇంత ఘోరం ఉంటుందా? నేను జీవితమంతా ఒక మనిషితో పోట్లాడాను, ఆ మనిషి ఎప్పుడో వెళ్ళిపోయాడు, ఆ పోట్లాట ఏమిటో తెలియని ఈయన ఆ కుర్చీలో కూర్చుని నాకు పాటలు పెడుతున్నాడు. ఇక ఆ దెబ్బ తిన్నవాణ్ణీ నేనే, చూసినవాణ్ణీ నేనే, గుర్తున్నవాణ్ణీ నేనే. రేపు నేను పోతే అది జరగనే జరగలేదు.

చెప్పేద్దామా, నువ్వే కొట్టావు అని? నోరు తెరిచాను. తెరిస్తే ఆయన నమ్మడు, లేదా నమ్ముతాడు, నమ్మి ఏడుస్తాడు, ఏడ్చి క్షమాపణ చెప్తాడు, గుర్తులేని తప్పుకి క్షమాపణ, నేను చెప్పించుకున్నది. అది నాకెందుకు? నాకు కావాల్సింది ఆయనంతట ఆయన తెచ్చివ్వాలి, అది ఆయన దగ్గర లేదు. ఇన్నేళ్ళూ ఖాళీ చేతులవాడి ముందు చెయ్యి చాపుకుని కూర్చున్నాను. అన్నయ్య మీద ఎన్నడూ లేనంత కోపం వచ్చింది నాకు, దాచినందుకు కాదు, మరిచిపోయినందుకు.

"ఏంట్రా, ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నాను. పెట్టు, మోనో పెట్టు" అన్నాను.

ఆయన మూలుగుతూ లేచాడు. ఇటువైపు గుమ్మంలో మేస్త్రి చెప్పులు విడుస్తున్నాడు, నన్ను నేల మీద చూసి, "పడ్డారా సార్?" అన్నాడు. లేదన్నాను. చెయ్యిచ్చి లేపాడు, పళ్ళ సందుల్లో పుల్లతో కుట్టుకుంటూ కన్నం వైపు చూశాడు. "ఏమనుకున్నారు? పైపా, పూడ్చడమా?"

"పూడ్చెయ్యి."

"అయితే వైరు లాగేస్తాను."

"వద్దు. వైరు అలాగే ఉండనీ. దాని మీదే పూసెయ్యి."

అతను పుల్ల తీసి నన్ను చూశాడు, వినపడనివాళ్ళతో మాట్లాడినట్టు గొంతు పెంచాడు. "అలా పూస్తే ఇక అది బయటికి రాదు సార్. లోపల తెగిందనుకోండి, మార్చడానికుండదు, గోడ బద్దలుకొట్టాల్సిందే. పైపుంటే లాగి కొత్తది వేసుకోవచ్చు. పెద్ద పనేం కాదు, ముక్క నా దగ్గరే ఉంది."

"తెలుసు. పూసెయ్యి" అన్నాను.

ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకుని ఉంటాడు, ఇటుక ముక్క విరిచాడు, వైరుకిటూ అటూ సర్దాడు, తాపీతో మాలు తీసి కొట్టాడు. ఎరుపూ నలుపూ సిమెంటులోకి పోయాయి. అప్పుడే స్పీకరులో టిక్కుమంది, వయొలిన్లు వచ్చాయి, మృదంగం వచ్చింది, పల్లవి దగ్గర గొంతు అందుకుంది, నిండుగా, ఎక్కడా లోటు లేకుండా, ఎన్నేళ్ళుగానో నేను విన్నట్టే. నా భార్య వంటింట్లోంచి వచ్చి నిలబడింది. గోడ అవతల నుంచి అన్నయ్య ఏదో అరిచాడు. కన్నం మూసుకుపోయింది, గొంతు తెలిసింది గానీ మాట తెలియలేదు.

"ఏమంటున్నాడు?" అని మేస్త్రిని అడిగాను.

"వినపడుతోందా అని అడుగుతున్నారు సార్."

"వినపడుతోందని చెప్పు."

మేస్త్రి పచ్చి గోడకు నోరు దగ్గరపెట్టి నా బదులు గట్టిగా కేకేశాడు. "వినపడుతోందటండీ!"